ఫోన్‌లో పిల్లల వైద్యం: ఏది చెప్పవచ్చు, ఏది చూపించాలి

పిల్లల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి అడుగుతున్నాయి. పిల్లవాడిని ఓపీకి తీసుకువెళ్లే బదులు, ఆసుపత్రివారు రాసి ఇచ్చిన తేదీన, చెప్పిన సమయానికి డాక్టరు గారే ఫోన్ చేసి మాట్లాడే ఏర్పాటును నమ్మవచ్చా అని కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి తల్లిదండ్రులు, అమ్మమ్మలు రాశారు. ఫోన్ చేసి టోకెన్ రాయించుకోవడం మనకు కొత్త కాదు. ఇక్కడ అడుగుతున్నది ఫోన్‌లోనే వైద్యం పొందడం గురించి. ఆ రెండింటినీ ఒకటిగా అనుకున్నవారు కూడా ఉన్నారు కనుక ముందే ఈ మాట చెబుతున్నాను.

ప్రశ్న: మాది గోదావరి నడుమ ఒక లంక గ్రామం. మా బాబుకు నాలుగున్నరేళ్లు, రెండేళ్లుగా ఉబ్బసం ఉంది. మూడు నెలలకొకసారి అమలాపురంలో చూపిస్తున్నాం. రేవు దాటి, ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని వెళ్లి టోకెన్ వచ్చేదాకా కూర్చుంటే తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ రోజు మా ఆయన కూలి పోతుంది. ఈసారి డాక్టరు గారు, బాబు కుదురుగా ఉన్నాడు కనుక వచ్చేసారి ఫోన్‌లో మాట్లాడదామని తేదీ, సమయం చీటీ మీద రాసి ఇచ్చారు. గుండె మీద గొట్టం పెట్టి చూడని వైద్యం ఏం వైద్యమని మా అత్తగారు అంటున్నారు. ఫీజు కూడా కట్టాలట. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఎలా సిద్ధపడాలి?
ఒక తల్లి, పి.గన్నవరం మండలం

జవాబు: ఒప్పుకోండి అమ్మా. అలాగని మీ అత్తగారి మాటను తోసిపుచ్చకండి, ఎందుకంటే ఫోన్‌లో ఏ వైద్యం చేయవచ్చో, ఏది చేయకూడదో తేల్చే ప్రశ్న ఆవిడ అడిగిందే. స్టెతస్కోపు పెడితే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉంటాయి, తల్లి చెబితే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉంటాయి. ఉబ్బసం ఉన్న పిల్లవాడు కుదురుగా ఉన్న రోజున ఓపీకి వస్తే స్టెతస్కోపులో నాకు దాదాపు ఏమీ వినిపించదు. మందు పెంచాలా, తగ్గించాలా అన్నది ఆ రోజు నేను గడచిన నాలుగు వారాల సంగతులు అడిగి నిర్ణయిస్తాను. పగటిపూట దగ్గు, పిల్లికూతలు వారానికి ఒకసారికి మించి వచ్చాయా, రాత్రి దగ్గుతో నిద్ర లేచాడా, ఆటలో తోటి పిల్లలకంటే ముందే ఆగిపోతున్నాడా, ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం రంగు ఇన్‌హేలర్‌ను వారంలో ఎన్నిసార్లు తీయవలసి వచ్చింది అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు మీ దగ్గరే ఉంది. పైగా రొంపతో, దగ్గుతో వచ్చిన పిల్లల మధ్య ఓపీ వరండాలో గంటల తరబడి కూర్చోబెట్టడం ఉబ్బసం ఉన్న పసివాడికి మేలు కాదు. ఈ వయసులో ఆయాసం తిరగబెట్టడానికి వైరస్ వల్ల వచ్చే జలుబే చాలాసార్లు కారణమవుతుంది.

ఫీజు గురించి మీకు కలిగిన సందేహం సహజమైనదే. మన దేశంలో ఈ పద్ధతికి 2020 మార్చి 25న కేంద్ర ఆరోగ్య శాఖ టెలీమెడిసిన్ మార్గదర్శకాలను విడుదల చేసింది. వాటి ప్రకారం డాక్టరు ఫీజు తీసుకోవచ్చు, తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి. మందులు రాస్తే, తన రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న మందుల చీటీని, సంతకంతో, మీ ఫోన్‌కు పంపాలి. నోటిమాటగా మందు పేరు చెప్పి ముగించడం ఆ పద్ధతి కాదు. మరొక ముఖ్యమైన నియమం కూడా అందులో ఉంది. అదే జబ్బుకు అదే డాక్టరును నేరుగా కలిసి ఆరు నెలలు దాటకపోతేనే ఆ ఫోన్ మాటను పాత వైద్యానికి కొనసాగింపుగా లెక్కిస్తారు. ఆరు నెలలు దాటితే మళ్లీ మొదటిసారి చూస్తున్నట్టే. మొదటిసారి, అదీ వీడియో లేకుండా కేవలం మాటల మీద, రాయదగిన మందులు పారాసిటమాల్, ఓఆర్ఎస్ వంటి కొద్దిపాటివే. కాబట్టి ఒకసారి ఫోన్‌లో, ఒకసారి నేరుగా అన్న వరసను మీ డాక్టరు గారితో ముందే మాట్లాడుకోండి. ఆయాసం రాకుండా రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మీద ఉన్న పిల్లల ఎత్తును క్రమం తప్పకుండా కొలిచి చూడవలసి ఉంటుంది, అందుకోసమైనా నేరుగా వెళ్లడం పూర్తిగా మానకూడదు.

ఇక సిద్ధపడటం. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫోన్ అపాయింట్‌మెంట్లు చెడిపోయేది చాలావరకు ఇక్కడే. మొదటిది, ఆ సమయానికి పిల్లవాడు మీ పక్కన ఉండాలి. బాబును బడికి పంపేసి తల్లి ఒక్కతే ఫోన్ ఎత్తిన సందర్భాలు నాకు ఎన్నో ఎదురయ్యాయి. పిల్లవాడి మాట, దగ్గు, ఊపిరి వినకుండా నేను చేయగలిగింది చాలా తక్కువ. రెండవది, ఆసుపత్రి నుంచి వచ్చే ఫోన్ తెలియని నంబరులా కనిపిస్తుంది. తెలియని నంబరు కదా అని ఎత్తకపోతే ఆ వంతు పోయినట్టే. ఏ నంబరు నుంచి వస్తుందో ముందే అడిగి పేరుతో దాచుకోండి. లంకల్లో సిగ్నల్ కోసం ఏటిగట్టు మీదికి వెళ్తారని నాకు తెలుసు. గట్టు మీద గాలి హోరులో పిల్లవాడి ఊపిరి చప్పుడు కాదు కదా, మీ మాటే సరిగా వినిపించదు. ఊళ్లో సిగ్నల్ బాగా అందే బంధువుల ఇల్లు ఏదైనా ఉంటే అరగంట ముందే అక్కడికి చేరుకోండి.

అంతకు రెండు మూడు రోజుల ముందే అంగన్‌వాడీ కేంద్రంలో బాబు బరువు చూపించి కాగితం మీద రాసుకోండి. పిల్లల మందులు చాలావరకు బరువును బట్టి లెక్కకట్టేవి. రెండేళ్లనాటి బరువు చెబితే రెండేళ్లనాటి మోతాదే వస్తుంది. చెప్పులు తీయించి, గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకాన్ని సమంగా పెట్టి గీత గీస్తే ఎత్తు కూడా తెలుస్తుంది. పాత చీటీలు, వాడుతున్న మందులు, ఇన్‌హేలర్, దానికి తగిలించే మాస్కు ఉన్న గొట్టం (స్పేసరు) అన్నీ చేతికి అందేలా పెట్టుకోండి. వీడియో కుదిరితే, వెలుతురు ముఖం మీద పడేలా బాబును కూర్చోబెట్టి, మీరు రోజూ ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో డాక్టరు గారి ఎదుట చేసి చూపించండి. బాగానే వాడుతున్నామని నమ్మకంగా చెప్పేవారిలో కూడా డబ్బాను ఊపకుండా నొక్కేవారు, మాస్కుకు, చెంపకు మధ్య సందు వదిలేవారు, రెండు మోతాదులను ఒకేసారి నొక్కేవారు కనిపిస్తూనే ఉంటారు. ఒక్కొక్క మోతాదుకు అయిదారు ఊపిరులు తీసుకోనివ్వాలి, స్టెరాయిడ్ మందు తరువాత నోరు పుక్కిలింపజేయాలి. ఈ ఒక్క పని సరిదిద్దితే మందు పెంచవలసిన అవసరమే తప్పిన పిల్లలు ఉన్నారు.

ఒక్క హెచ్చరిక. అపాయింట్‌మెంటు ఫలానా రోజున ఉంది కదా అని ఆయాసాన్ని ఆపి ఉంచకండి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, మాట్లాడలేకపోతున్నా, నీళ్లు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా డాక్టరు గారు చెప్పిన ప్రకారం నీలం ఇన్‌హేలర్ వాడుతూనే 108కి ఫోన్ చేసి బయలుదేరాలి. ఏడాది నిండి అయిదేళ్లలోపు ఉన్న పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తి ఒక నిమిషం లెక్కపెడితే 40 లేదా అంతకు మించి ఊపిరులు ఉంటే అది వేగమైన శ్వాస. ఆ అంకె మీ గడియారంలోనే దొరుకుతుంది, ఫోన్‌లో మొదట ఆ మాటే చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి కువైట్‌లో పనిచేస్తోంది, అల్లుడు కూడా అక్కడే. ఇద్దరు మనవలూ నా దగ్గరే పెరుగుతున్నారు. చిన్నదానికి మూడేళ్లు, రక్తం తక్కువగా ఉందని టానిక్ రాశారు. పరీక్ష రిపోర్టు వచ్చాక ఫోన్‌లో మాట్లాడతామన్నారు. అక్కడి నుంచి తానే డాక్టరు గారితో మాట్లాడతానని మా అమ్మాయి అంటోంది. నాకు చదువు రాదు. ఎవరు మాట్లాడాలి?
ఒక అమ్మమ్మ, రాజోలు ప్రాంతం (మనవడి చేత రాయించినది)

జవాబు: మీరే మాట్లాడాలమ్మా. పాప ఏం తింటోందో, టానిక్ కక్కేస్తోందో, ఆడుకుంటోందో, నీరసంగా పడి ఉంటోందో కళ్లారా చూస్తున్నది మీరు. మార్గదర్శకాల ప్రకారం కూడా చిన్నపిల్లల విషయంలో ఫోన్ మాట్లాడేటప్పుడు పెద్దవారు ఒకరు బిడ్డతోపాటు ఉండాలి, ఆ పెద్దవారెవరో డాక్టరు తెలుసుకోవాలి. కనుక ఫోన్ ఎత్తగానే, నేను పాపకు అమ్మమ్మను, పాప నా ఒళ్లోనే ఉంది అని చెప్పండి. మీ అమ్మాయిని కూడా అదే కాల్‌లో కలుపుకోవచ్చు. తల్లి మనసు దూరంగా ఉండి ఎంత ఆరాటపడుతుందో నాకు తెలుసు, ఆమె అడిగే ప్రశ్నలు చాలాసార్లు మేలైనవి కూడా. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి ఆమె పనివేళలు చూసుకుని ఆసుపత్రివారిని సమయం అడగండి. కానీ ఆమె ఒక్కతే అక్కడి నుంచి ఫోన్ చేసి, పాప ఇక్కడెక్కడో ఉండగా మందు రాయించుకోవడం మాత్రం వద్దు.

మీ ప్రశ్నలోని రక్తహీనత ఫోన్‌కు బాగా కుదిరే విషయమే. హిమోగ్లోబిన్ అంకె కాగితం మీద ఉంటుంది, ఆ కాగితాన్ని ఫొటో తీసి ముందే పంపవచ్చు. కనురెప్పల లోపలి పాలిపోవడం మాత్రం ఫొటోలో నమ్మదగినట్టుగా కనిపించదు. ఐరన్ టానిక్ వల్ల విరేచనం నల్లగా రావడం మామూలే, దానికి భయపడి మానేయకండి. అంకె బాగుపడ్డాక కూడా డాక్టరు గారు చెప్పినన్ని నెలలు వాడాలి. ఆ సీసాను మాత్రం పిల్లలకు అందని చోట పెట్టండి, ఐరన్ ఎక్కువగా తాగితే పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది.

చదువు రాకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది మందు సీసాల దగ్గర ఉంది, అది మీ ఒక్కరికే పరిమితమైనది కాదు. జ్వరం మందు పారాసిటమాల్‌నే తీసుకోండి. చుక్కల మందులో 1 మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. 12 కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 180 మిల్లీగ్రాములు. డాక్టరు సిరప్ అనుకుని 5 మిల్లీలీటర్లు పట్టమంటే, మీరు చుక్కల సీసా నుంచి అంతే పట్టారనుకోండి, 500 మిల్లీగ్రాములు, అంటే దాదాపు మూడు రెట్లు లోపలికి పోయినట్టు. అందుకని ఫోన్ పెట్టేయక ముందే ఇంట్లో ఉన్న సీసాను వీడియోలో చూపించండి, లేదా పెద్ద మనవడి చేత సీసా మీద ఉన్న అంకెలను పైకి చదివించండి. డాక్టరు చెప్పిన మోతాదును మీరు మళ్లీ ఆయనకే తిరిగి చెప్పండి. ఆయన అవునన్న తరువాతే ఫోన్ పెట్టేయండి. విసుక్కునే డాక్టరు ఉంటే ఉండవచ్చు, అయినా చెప్పండి.

ప్రశ్న: మా పాపకు నలభై రోజులప్పుడు రాత్రి ఒళ్లు కాలితే థర్మామీటరు పెట్టాం, 100.8 ఉంది. మరునాడు ఉదయం పదింటికి ఫోన్ అపాయింట్‌మెంటు దొరికింది. ఈలోగా తెలిసినవారు చెప్పిన చుక్కలు వేస్తే తగ్గింది. అలా ఆగడం సరైనదేనా?
ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: సరైనది కాదు బాబూ. పాప క్షేమంగా ఉన్నందుకు సంతోషం, కానీ మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించి జ్వరం ఉంటే అది ఫోన్‌కు తగిన విషయం కాదు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అంత చిన్న బిడ్డలో రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకిన ఇన్ఫెక్షన్ కూడా పైకి ఉత్త జ్వరంలాగే ఉంటుంది. ఒక్కొక్కసారి జ్వరం బదులు ఒళ్లు చల్లబడుతుంది. చుక్కలు వేస్తే జ్వరం దిగుతుంది, లోపలి జబ్బు ఉన్నచోటే ఉంటుంది. పాలు తాగడం తగ్గినా, పిలిస్తే పలకనట్టు మగతగా ఉన్నా, రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా కూడా ఇదే మాట. అప్పుడే పుట్టిన బిడ్డ పచ్చకామెర్లను కూడా ఫొటో పంపి తేల్చమని అడగకండి. ఇంట్లో దీపం వెలుతురులో ప్రతి బిడ్డా పసుపుగానే కనిపిస్తుంది, ఆ పసుపు ఎంతో రక్తపరీక్షే చెప్పాలి.

ప్రశ్న: ఏటా శ్రావణంలో గోదావరి పొంగితే మా ఊరి కాజ్‌వే మునిగిపోతుంది. 2022 జూలైలో రోజుల తరబడి పడవ తప్ప దారి లేదు. అలాంటప్పుడు పిల్లలకు విరేచనాలు, జ్వరాలు వస్తే ఫోన్ వైద్యం ఎంతవరకు సరిపోతుంది?
ఒక పాఠకుడు, యలమంచిలి మండలం

జవాబు: ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటిన సంగతి డెల్టాలో ఎవరూ మరచిపోలేదు. అటువంటి రోజుల్లో ఫోన్ నిజంగా ఆదుకుంటుంది, కానీ నీరు రాకముందే దానిని వాడుకుంటే. దీర్ఘకాలం మందులు వాడే పిల్లలు ఉన్న ఇంటివారు ధవళేశ్వరంలో 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వినగానే డాక్టరుతో మాట్లాడి రెండు వారాల మందులు తెచ్చి పెట్టుకోవాలి. 13.75 అడుగుల రెండవ హెచ్చరిక వచ్చేసరికి మందుల దుకాణానికి దారి ఉంటుందో ఉండదో చెప్పలేం.

విరేచనాలు మొదలైతే డాక్టరు ఫోన్‌లో అడిగేవి మీరు ముందే గమనించి ఉంచండి. ఎన్నిసార్లు అయ్యాయి, గడచిన ఆరు గంటల్లో మూత్రం పోశాడా, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా, ఓఆర్ఎస్ ఆబగా తాగుతున్నాడా, అసలు వద్దంటున్నాడా, రక్తం పడుతోందా అన్నవి. లీటరు ఓఆర్ఎస్ పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తంగా కలపాలి, సగం సగం కలపకూడదు. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన వారికి 100 నుంచి 200 వరకు, చెంచాతో నెమ్మదిగా పట్టాలి. జింకు బిళ్లలు విరేచనాలు కట్టినా 14 రోజులూ వేయాలి. తాగింది ఏదీ కడుపులో ఆగకుండా కక్కేస్తున్నా, కళ్లు లోపలికి పోయి మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం ఉన్నా ఫోన్ పని అయిపోయినట్టే, పడవ కోసం అడగాలి. ఊళ్లోని ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు ఆ మాట మొదటే చేరవేయండి. ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న ఈ-సంజీవని అనే వీడియో వైద్య సేవ ద్వారా విలేజ్ హెల్త్ క్లినిక్ నుంచి బిడ్డను పెద్ద డాక్టరుకు వీడియోలో చూపించే వీలు కూడా ఉంది. అక్కడ కనీసం ఒక ఆరోగ్య కార్యకర్త బిడ్డ మీద చెయ్యి వేసి చూసి డాక్టరుకు చెబుతారు. ఇంట్లో ఒంటరిగా ఫోన్ పట్టుకోవడం కంటే అది ఎంతో మేలు.

నీరు తీసిన తరువాత వచ్చే దోమల రోజుల గురించి ఒక మాట. డెంగీలో మూడవ రోజు నుంచి ఏడవ రోజు మధ్య జ్వరం దిగుతున్న వేళే ప్రమాదం మొదలవుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఆ రోజు ఫోన్ అపాయింట్‌మెంటును రద్దు చేసుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. దయచేసి రద్దు చేసుకోకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్లు చేతులు చల్లబడటం ఉంటే ఫోన్ కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మూడేళ్లుగా ఫిట్స్ మందులు వాడుతోంది. డాక్టరు గారు ఫోన్ చేస్తే నేనే మాట్లాడుతున్నాను, తను మూగగా కూర్చుంటుంది. తరువాత, తన గురించి తనను ఎవరూ అడగరని ఏడుస్తుంది.
ఒక తల్లి, రావులపాలెం

జవాబు: అమ్మాయి అన్నది నిజం. ఓపీ గదిలో అయితే నేను మిమ్మల్ని పక్కన కూర్చోమని ఆమె వైపు తిరిగి అడుగుతాను. ఫోన్‌లో ఎవరు పట్టుకుంటే వారితోనే మాట సాగుతుంది. మొదట మీరు పలకరించి, మూర్ఛ ఎప్పుడు వచ్చిందో, బరువు ఎంత ఉందో చెప్పి, ఆ తరువాత ఫోన్ ఆమె చేతికి ఇచ్చి కొంచెం దూరంగా వెళ్లండి. మందు ఎన్నిసార్లు మరచిపోయిందో, బడిలో నిద్ర ముంచుకొస్తోందో, తోటి పిల్లలు ఏమంటున్నారో మీ ఎదుట చెప్పలేకపోవచ్చు. మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచబోయి, తీరా అడిగితే మోతాదులు తప్పుతున్నాయని తెలిసిన సందర్భాలు నాకు ఉన్నాయి.

మూర్ఛ వచ్చినప్పుడు ఇంట్లో రెండవ మనిషి ఉంటే వారు దానిని ఫోన్‌లో వీడియో తీయాలి. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, కళ్లు ఎటు తిరిగాయి అన్నది మాటల్లో చెప్పేదానికంటే ఆ వీడియోలో డాక్టరుకు ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. మీరు మాత్రం అమ్మాయిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చోండి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. కొత్త మందు మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు వస్తే ఫొటో పంపి జవాబు కోసం ఎదురుచూడకుండా అదే రోజు నేరుగా చూపించండి. అపాయింట్‌మెంటు సమయాన్ని బడి వదిలిన తరువాతకు మార్చమని ఆసుపత్రిని అడగండి, ఆ అడిగేది కూడా అమ్మాయినే అడగనివ్వండి.